వలస పాలనలో బడి ముందా, ఆసుపత్రి ముందా, రోడ్డు ముందా?

స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు ప్రభుత్వం బడికీ, ఆసుపత్రికీ, కరువు సాయానికీ ప్రజల అవసరాన్ని బట్టే డబ్బు కేటాయించేదా అని మీరు అడిగారు. విశాఖపట్నంలో ఒక స్థానిక సంస్థ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి, తీరిక దొరికినప్పుడల్లా పాత బడ్జెట్లు చదివినవాడిగా చెబుతున్నాను: అవసరం కన్నా ఖజానా ఎవరి చేతిలో ఉందన్నదే ఆ వరుసను నిర్ణయించింది.

1876-78 నాటి ధాత కరువునే తీసుకోండి. 1877 ఆరంభంలో, కరువు ఖర్చు చూడమని భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని సహాయ పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యమూ, పైన కొద్దిపాటి డబ్బూ చాలునన్నారు. ఆ తిండితో పనిచేసే మనిషి నిలవలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్య అధికారి) డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించిన మీదట గానీ ఆ కొలత పెరగలేదు.

మా ముత్తాత కట్టిన శిస్తు రశీదు ఒకటి ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కాగితం మీద శిస్తు కిందే రోడ్డు సెస్సు అణాల్లో రాసి ఉంటుంది. 1884 నాటి చట్టం కింద ఏర్పడిన స్థానిక బోర్డులు రోడ్లనూ, బడులనూ, డిస్పెన్సరీలనూ ప్రధానంగా అలాంటి సెస్సుల మీదే నెట్టుకురావలసి వచ్చేది.

1919 చట్టంతో వచ్చిన ద్వంద్వ పాలనలో విద్య, వైద్యం ఎన్నికైన సభకు జవాబుదారులైన మంత్రులకు దక్కాయి కానీ ఆర్థిక శాఖ, భూమిశిస్తు, పోలీసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుల దగ్గరే ఉండిపోయాయి. పైగా ఏ రాష్ట్రం కేంద్రానికి ఎంతివ్వాలో తేల్చిన మెస్టన్ కమిటీ లెక్క ప్రకారం మద్రాసు ఏటా 348 లక్షల రూపాయలు కేంద్రానికి చెల్లించాలి. మరే రాష్ట్రం మీదా అంత భారం పడలేదు. మంత్రుల కిందికి వచ్చిన శాఖల్లో చెప్పుకోదగ్గ రాబడి ఉన్నది ఆబ్కారీకే (మద్యం మీద పన్నుల శాఖకే) కాబట్టి, బడులు పెరగాలని కోరుకునే మంత్రికి కల్లు, సారా దుకాణాలు మూయించడం కష్టమయ్యేది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం ఇదే.

ఇంత ఇరుకులోనూ 1923 జులై 19న మద్రాసు మంత్రివర్గ నాయకుడు పానగల్ రాజా ఇక్కడ కింగ్ జార్జి ఆసుపత్రిని ప్రారంభించారు. మా అమ్మ పుట్టింది అక్కడే కనుక ఆ మంత్రుల శ్రమను నేను తీసిపారేయలేను. కానీ దాదాపు అదే కాలంలో, ఒకప్పుడు ఇదే జిల్లాలో ఉన్న గూడెం మన్యంలో ప్రభుత్వం ముందు పెట్టుకున్నది రోడ్డును. చాలీచాలని కూలికి గిరిజనుల చేత చేయించిన ఆ చాకిరీ 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణమైంది.

1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చింది. అందువల్ల మీరు ఆ కాలపు మద్రాసు బడ్జెట్లు చదవబోతే, ఆసుపత్రుల ఖర్చు పద్దు కన్నా ముందు ఆబ్కారీ జమ పద్దు తెరవండి.