చప్పుడు లేని స్కాన్‌లో బొమ్మ సరిగా వస్తుందా?

ప్రశ్న: సార్, మాది కడప. మా ఐదేళ్ల పిల్లోడికి ఫిట్స్ వస్తే ఎమ్మారై రాశారు. లోపల ఆ దడదడకి బెదిరిపోయి ఏడ్చాడు, చివరికి మత్తిచ్చి తీశారు, మా టెన్షన్ చెప్పలేను. ఆరు నెలలకి మళ్లీ తీయాలంట. చప్పుడు లేని స్కాన్ ఉందని, కానీ బొమ్మ మసకగా వస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: అలాంటి స్కాన్ ఉన్న మాట నిజమేనమ్మా, మసక మాత్రం సగమే నిజం. పెద్ద అయస్కాంతం లోపలి తీగచుట్టల్లో కరెంటును గబగబా మారుస్తుంటే ఆ చుట్టలు అదురుతాయి, స్పీకరు మోగేదీ ఇలాగే, ఆ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది, పిల్లోడు బెదరడా మరి! జీరో ఎకో టైమ్ అనే పద్ధతిలో కరెంటును ఆపి మళ్లీ పెట్టరు, కొద్దికొద్దిగా దిశ తిప్పుతూ పోతారు కాబట్టి మోత దాదాపు ఉండదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. నడిమి చుక్క నుంచి అన్ని వైపులకీ ముగ్గు గీతలు లాగినట్టు ముడి సమాచారం తీసుకుంటారు (ఇది బొమ్మ కాదు, తర్వాత దీన్ని లెక్కగట్టి బొమ్మ చేస్తారు), కానీ మెషీన్ రేడియో తరంగం పంపి, వినడానికి మారేలోపు కొన్ని మైక్రోసెకన్లు పోతాయి, దాంతో ఆ సమాచారంలో నడిమి ముక్క ఖాళీ. బొమ్మలోని వెలుగునీడలు ఎక్కువగా ఉండేది ఆ నడిమిలోనే! పెట్రా అనే పద్ధతిలో ఆ చుక్కల్ని ఒక్కొక్కటిగా విడిగా తీసి నింపుతారు, లేదా చుట్టూ ఉన్న గీతల నుంచి లెక్కగడతారు. ఈ లెక్క బాగుపడే కొద్దీ మసక తగ్గుతోంది.

నాకు ఇంకా ముఖ్యం అనిపించేది అంకెల మ్యాప్. మామూలు బొమ్మలో తెలుపు నలుపులకి కొలత లేదు, మెషీన్ మారితే మారిపోతాయి. టీ2 అంటే రేడియో తరంగం ఆగాక ఒంట్లోంచి వచ్చే సిగ్నల్ తగ్గిపోడానికి పట్టే టైమ్, టీ2 మ్యాప్‌లో ప్రతి చుక్కకీ ఆ విలువ మిల్లీసెకన్లలో వస్తుంది. మెదడులో జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిని గట్టిపడితే, ఫిట్స్‌కి అదొక కారణం, అక్కడ టీ2 పెరుగుతుంది, మొన్నటి అంకెతో ఇప్పటిది పోల్చుకోవచ్చు. అయితే మ్యాప్‌కి ఒకే చోట చాలా బొమ్మలు కావాలి, టైమ్ పడుతుంది, అందుకే తక్కువ సమాచారం తీసుకుని అన్ని బొమ్మల్నీ కలిపి ఒకేసారి లెక్కగట్టే పద్ధతుల మీద పని జరుగుతోంది. ఏఐతో నునుపు చేసిన బొమ్మ కంటికి బాగున్నా అంకె తప్పొచ్చు, ముందే విలువ తెలిసిన ద్రావణం సీసాల్ని స్కాన్ చేసి సరిచూడాల్సిందే.

స్కాన్‌కి టైమ్ తీసుకునేటప్పుడే సైలెంట్ పద్ధతి ఉందా, బాబుకి అది సరిపోతుందా అని డాక్టర్‌ని అడగండి. ఉన్నా సరే ఇయర్‌ప్లగ్స్, పైన హెడ్‌ఫోన్స్ పెట్టించండి, మధ్యలో కొన్ని స్కాన్లు మోగేవే ఉంటాయి. ఈలోపు ఇంట్లో ఫోన్‌లో ఆ చప్పుడు వినిపిస్తూ, మంచం కింద కదలకుండా పడుకునే ఆట రోజూ ఆడించండి.