ఉపగ్రహం చెప్పే ఉష్ణోగ్రతను నమ్మే ముందు

చిరంజీవి మేనకోడలికి,

నల్లగొండ నుంచి మేనమామ ఆశీస్సులు. పాలమూరు విశ్వవిద్యాలయంలో నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు, మన ప్రాంతం మీది ఎగువ వాతావరణంలో ఉష్ణోగ్రత, పీడనాలను ఉపగ్రహ సమాచారంతో పరిశీలించే అంశం తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. గ్రాఫులు గీయడానికి ముందు ఒక సంగతి గుర్తుంచుకో బిడ్డా: ఉపగ్రహం ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. అది కొలిచేది వేరు, దానిలోంచి మనం రాబట్టేది వేరు.

నీవు ఎంచుకున్న రేడియో ఆకల్టేషన్ పద్ధతినే చూడు. జీపీఎస్ ఉపగ్రహం భూమి అంచు చాటుకు దిగిపోతున్నప్పుడు దాని సిగ్నల్ గాలి పొరల గుండా వంగుతూ వచ్చి, తక్కువ ఎత్తులో తిరిగే మరో ఉపగ్రహానికి అందుతుంది. ఆ వంపు నుంచి వక్రీభవన గుణకం, దాని నుంచి సాంద్రత, సాంద్రతను పైనుంచి కిందికి కూడుకుంటూ వస్తే పీడనం, ఆ రెండింటి నుంచి చివరకు ఉష్ణోగ్రత లభిస్తాయి. 1995లో జీపీఎస్‌మెట్ ప్రయోగంతో నిరూపణ అయిన ఈ పద్ధతికి, 2006లో ఎగసిన కాస్మిక్ అనే ఆరు ఉపగ్రహాల బృందంతో విస్తృతి వచ్చింది. 2011 నాటి మన మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహం కూడా ఇటువంటి పరికరాన్ని మోసుకెళ్లింది.

చిక్కంతా ఆ కూడికలోనే ఉంది. పైనుంచి కూడాలంటే పైన ఏదో ఒక విలువతో మొదలుపెట్టాలి, అది చాలాసార్లు కంప్యూటర్‌లో లెక్కకట్టే వాతావరణ నమూనా నుంచి అరువు తెచ్చుకున్నదే. 50 కిలోమీటర్ల ఎత్తులో పీడనం నేలమీది దానిలో వెయ్యో వంతు మాత్రమే కనుక, అక్కడ గాలి వల్ల వచ్చే వంపు కంటే అయనోస్ఫియర్ (ఇంకా పైనున్న విద్యుదావేశ కణాల పొర) చేసే అలజడే ఎక్కువ. అందువల్ల 40 కిలోమీటర్ల పైన కనిపించే ఉష్ణోగ్రత గీత ఎంత నునుపుగా ఉన్నా, అది కొలత అనుకోవద్దు. కింద మరో గొడవ. జూలై, ఆగస్టుల్లో మన దగ్గర గాలి నిండా తేమే; నీటి ఆవిరి కూడా కిరణాన్ని వంచుతుంది కాబట్టి, పొడిగాలి అనుకొని లెక్క కడితే ఉష్ణోగ్రత ఉన్నదానికంటే బాగా చల్లగా వస్తుంది.

కనుక సుమారు 10 నుంచి 30 కిలోమీటర్ల మధ్యనే నీ పని సాగించు. మన అక్షాంశాల్లో 17 కిలోమీటర్ల దగ్గర, మైనస్ 80 డిగ్రీల ప్రాంతంలో గీత ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది. పరారుణ సౌండర్లు (గాలి వెలువరించే పరారుణ కిరణాలను బట్టి ఉష్ణోగ్రత రాబట్టే ఉపగ్రహ పరికరాలు) అలికేసే ఆ మలుపును ఈ పద్ధతి స్పష్టంగా పట్టిస్తుంది.

హైదరాబాద్ బెలూన్ కొలతలతో పోల్చేటప్పుడు, 00 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అంటే మనకు ఉదయం 5.30 అని మరవకు. బెలూన్ గాలితో కొట్టుకుపోతుంది, ఉపగ్రహ కొలత బిందువూ జరుగుతూ పోతుంది. అందుకే ఏ ఎత్తుకు ఆ ఎత్తు అక్షాంశ రేఖాంశాలు సరిచూడు. పీడనాన్ని లాగరిథమ్ స్కేలు మీద గీసి, మొదటి గ్రాఫు నాకు పంపు.