నొప్పి మాత్రలు మానేదెలా?

ప్రశ్న: మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తాను. నాలుగేళ్ల కిందట నడుం పట్టేస్తే డాక్టరుగారు ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిసిన మాత్ర రోజుకు రెండు చొప్పున వారానికి రాశారు. పని ఆగకూడదని ఆ తర్వాత నేనే కొనుక్కున్నాను. ఇప్పుడు రోజుకు 12 వేసుకుంటే గానీ ఒళ్లు లేవదు. రెండుసార్లు ఒక్కపెట్టున మానేశాను. మర్నాటికల్లా ముక్కు, కళ్లు కారడం, ఆవులింతలు, విరేచనాలు, రాత్రంతా కాళ్లు పీకుడు. తట్టుకోలేక మళ్లీ మొదలుపెట్టాను. నడుం జబ్బు ముదిరిందా? ఇంట్లో తెలియదు. ఆసుపత్రిలో చెబితే పోలీసులదాకా పోతుందేమోనని భయం.
– పేరు వద్దన్నారు, గుంటూరు

జవాబు: నడుం పట్టేస్తే ముక్కు కారదండీ, ఆవులింతలూ రావు. అవి మందు అందక ఒళ్లు చేసే గొడవ. ట్రమడాల్ నల్లమందు కోవలోది. నెలల తరబడి వాడితే శరీరం దానికి అలవాటుపడి, ఆపగానే ఎదురుతిరుగుతుంది. సాధారణంగా చివరి మోతాదు తర్వాత 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండు మూడు రోజులు బాగా ఇబ్బంది పెట్టి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. నిద్ర సరిగా పట్టకపోవడం, నీరసం ఇంకొన్ని వారాలు ఉండొచ్చు. ఈ మందు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద కూడా పనిచేస్తుంది కాబట్టి కొందరికి ఆపినప్పుడు విపరీతమైన భయం, ఒంట్లో షాక్ కొట్టినట్టు జలదరింపు కూడా వస్తాయి. ఒక్కపెట్టున మానేయడం మీ చేత కాకపోవడానికి కారణం పట్టుదల లేకపోవడం కాదు. మీరు ఎంచుకున్న పద్ధతే తప్పు.

ముందు లెక్క చూడండి. 12 మాత్రల్లో ట్రమడాల్ 450 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠంగా 400 మాత్రమే. అది దాటినకొద్దీ ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. తలమీద బస్తాతో ఫిట్స్ వస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అదే 12 మాత్రల్లో పారాసిటమాల్ 3,900 మిల్లీగ్రాములు. రోజు పరిమితి 4,000. జ్వరమొచ్చిందని ఇంకో 650 మాత్ర వేస్తే గీత దాటినట్టే. సాయంత్రం మందు కొట్టే అలవాటుంటే ఆ గీత దాకా వెళ్లకుండానే కాలేయం దెబ్బతినొచ్చు.

గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి. వాడుతున్న మాత్రల షీటు చూపించండి. రోజుకు ఎన్ని, ఎన్ని గంటలకోసారి, చివరిది ఎప్పుడు అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. చాలామంది పన్నెండుని ఆరు అంటారు. దాంతో డాక్టరు ఆరుకి సరిపడా మోతాదు రాస్తారు, మూడో రోజుకే చికిత్స విఫలమవుతుంది. నిద్రమాత్రలు, డిప్రెషన్ మాత్రలు, మద్యం సంగతి కూడా దాచొద్దు. ట్రమడాల్‌తో కొన్ని డిప్రెషన్ మందులు కలిస్తే ప్రమాదం. నిద్రమాత్రలు, మద్యం కలిస్తే ఊపిరి మందగిస్తుంది. కాలేయం, మూత్రపిండాల రక్తపరీక్షలు చేయిస్తారు.

తర్వాత రెండు దారులున్నాయి. మొదటిది మెల్లగా తగ్గించడం. పారాసిటమాల్ లేని ట్రమడాల్‌కి మార్చి, ఉదాహరణకు రోజుకు 400ను నాలుగు పూటలకు పంచి, రెండేసి వారాలకు 50 చొప్పున తగ్గిస్తూ వస్తే దాదాపు నాలుగు నెలలు. కొందరికి ఇంకా నెమ్మదిగా పోవాలి. చివరి 100 దగ్గరే చాలామంది తడబడతారు, అక్కడ తొందరపడొద్దు. ఒక మెట్టు దగ్గర కష్టమైతే ఆ మోతాదు మీదే ఇంకో వారం ఉండండి, వెనక్కి ఎక్కొద్దు. రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి వద్దు. మందు లేని ప్రతిరోజూ ఆ బాధంతా తిరగబెడుతుంది. ఇదంతా డాక్టరు చేతిమీదుగానే జరగాలి, అంకెలు చూసి ఇంట్లో మొదలుపెట్టకండి. ఇంట్లో ఒకరికి చెప్పక తప్పదు. వారానికి సరిపడా మాత్రలు మీ ఆవిడ దగ్గర ఉంటే సగం పని అయినట్టే.

రెండోది ట్రమడాల్ బదులు నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్, నాలాక్సోన్ కలిసిన మాత్ర. మందు మానినప్పటి బాధలు రాకుండా ఇది చూస్తుంది. ఇది మామూలు మెడికల్ షాపులో దొరకదు, డీఅడిక్షన్ (వ్యసనం మాన్పించే) కేంద్రాల్లోనే ఇస్తారు. మొదటి మాత్ర పెట్టేముందు ఆవులింతలు, చెమటలు మొదలై ఉండాలి. ట్రమడాల్ ఒంట్లో నిండుగా ఉండగానే పెడితే ఆ బాధలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. కరిగేదాకా మింగొద్దు, నీళ్లు తాగొద్దు. మింగితే పెద్దగా పనిచేయదు.

నడుం నొప్పి మాటేమిటంటారా? ఈ కోవ మందులు ఎక్కువకాలం వాడితే కొందరిలో నొప్పి తెలిసే తీరే మారి, చిన్ననొప్పి కూడా పెద్దగా అనిపిస్తుంది. మోతాదు తగ్గాక నడుం తేలికైందని చెప్పేవాళ్లున్నారు. ఫిజియోథెరపీ చేయించండి, కొన్నాళ్లు బరువు పని తగ్గించండి. కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి.

పోలీసుల భయం గురించి. 2018 నుంచి ట్రమడాల్ మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చిన మాట నిజమే. కానీ మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. వాడకం లేదా కొద్ది పరిమాణం దగ్గరున్న కేసులో చిక్కుకున్నవాళ్లు కూడా తమంతట తాము చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు పొందే వీలు ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లో ఉంది.

ఒక్క హెచ్చరిక. మానేసిన కొన్నాళ్లకు మనసు జారితే పాత లెక్కన పన్నెండు వేసుకోకండి. అప్పటికి ఒళ్లు ఆ మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుని ఉంటుంది. ప్రాణాలు పోయేది ఎక్కువగా అలాంటప్పుడే.

ప్రశ్న: మా తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. నొప్పి మాత్రలు నూరి నీళ్లలో కలిపి నరానికి ఎక్కించుకుంటున్నాడు. గదిలో పెట్టి తాళం వేద్దామంటున్నారు నాన్న.
– ఒక అక్క, వరంగల్

జవాబు: తాళం వేయకండమ్మా. లోపల ఫిట్స్ వచ్చినా, వాంతులతో ఒంట్లో నీరు పోయినా చూసేవారుండరు. మాత్రలో మందుతోపాటు దాన్ని గట్టిపరిచే పొడులుంటాయి. అవి రక్తంలో కరగవు, ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. సూది గుచ్చినచోట చీము పడుతుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పక చేయించండి.

పిలిచినా పలకకుండా, ఊపిరి నెమ్మదిగా, పెదవులు నీలంగా, కంటిపాపలు గుండుసూది మొనంత ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నిమ్మరసం, మజ్జిగ, ఉప్పునీళ్లు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏ మాత్రలు వాడాడో చెబితే ఆసుపత్రిలో దానికి విరుగుడు ఇస్తారు. నల్లమందు కోవ మందులకు విరుగుడైన నాలాక్సోన్ ఊపిరిని నిలబెడుతుంది. ట్రమడాల్ వల్ల వచ్చే ఫిట్స్‌ని మాత్రం అది ఆపదు.

చికిత్సకు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లొచ్చు. ముందు మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి. ప్రైవేటు కేంద్రమైతే మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, మానసిక వైద్యుడు ఎన్నిసార్లు వస్తారు, మీరు కలవడానికి ఒప్పుకుంటారా అని అడగండి. మూడు నెలలు మొహం చూడొద్దనే చోటికి పంపకండి.

ప్రశ్న: తలనొప్పికి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. ఇదీ వ్యసనమేనా?
– ఒక టీచర్, కాకినాడ

జవాబు: మాత్రే మీ తలనొప్పికి కారణం కావొచ్చు. మామూలు పారాసిటమాల్ లాంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రలు 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే మాత్ర దిగిపోగానే మళ్లీ తలనొప్పి మొదలవుతుంది. ఏ రోజు ఏ మాత్ర వేసుకున్నారో నెల రోజులు క్యాలెండర్‌లో రాసి, న్యూరాలజిస్టుకు చూపించండి.