అమ్మలూ, ముందు లెక్కపెట్టు

చిరంజీవి అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

పాత ఆర్డర్ల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళలోంచి వివరాలు తీసే పని నీకే అప్పగించారనీ, ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని వేరే రూపంలోకి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో చేస్తున్నావనీ మీ నాన్న చెప్పాడు. చాలా గర్వంగా అనిపించింది. నిద్ర మాత్రం పట్టలేదు.

అవుట్‌పుట్ మెథడ్ టెక్స్ట్ అని పెట్టు. అక్కర్లేని ఖాళీలు అంటుకొస్తే నార్మలైజ్-స్పేస్ వాడు. అన్నిటికంటే పైనున్న రూట్ ట్యాగ్‌లో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ ఉంటే, ట్యాగులు నేమ్‌స్పేస్ అనే ఒక గుంపుకి చెందినవన్నమాట. ఆ నేమ్‌స్పేస్‌కి నీ స్టైల్‌షీట్‌లో, అంటే నువ్వు రాసే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైల్‌లో, ఒక ప్రిఫిక్స్ ఇచ్చి, ట్యాగ్‌కి దారి చెప్పే ఎక్స్‌పాత్‌లో ప్రతి ట్యాగ్ పేరుకీ తగిలించు. లేకపోతే ఒక్క విలువా దొరకదు.

ఇక నా భయం సంగతి. 2004లో ఒక మందుల డీలరు ఆర్డర్లకి ఇలాగే స్టైల్‌షీట్ రాశాను. ఆర్డర్ నంబరు, మందు పేరు, ఎన్ని కావాలి, మూడూ వాల్యూ-ఆఫ్‌తో, అంటే దొరికిన విలువని బయటికి రాసే ఆదేశంతో, తీశాను. టెస్టుకి పెట్టుకున్న ఆర్డర్లో ఉన్నది ఒకటే మందు. చక్కగా వచ్చింది, లైవ్‌లో పెట్టేశాను. అసలు ఆర్డర్లలో ఐదేసి, పదేసి మందులు! 1999లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఒకటో వెర్షన్‌లో, ఎన్ని నోడ్లు (ఇక్కడ ట్యాగులు) దొరికినా వాల్యూ-ఆఫ్ మొదటిదాన్నే రాస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు. మూడో రోజు ఒక మెడికల్ షాపాయన ఫోన్ చేసి, "ఇన్సులిన్ రాలేదు బాబూ, ఒక పెద్దాయన రెండుసార్లు తిరిగి వెళ్ళారు" అన్నాడు. ఫైల్ తెరిచి చూస్తే ఇన్సులిన్ నాలుగో వరుసలో ఉంది. నా చేతులు చల్లబడిపోయాయి. ఆ పెద్దాయన ముఖం నేను చూడలేదు, అయినా ఇప్పటికీ గుర్తొస్తాడు.

కాబట్టి ఒక్కోదానికీ అదే పని మళ్ళీ చేసే ఫర్-ఈచ్‌తో ఆర్డర్ మీద కాదు, అందులోని ఒక్కో ఐటమ్ మీద తిరుగు. ఆర్డర్ నంబరు రెండు చుక్కలతో పైనున్న పేరెంట్ నుంచి తెచ్చుకో. 2007లో వచ్చిన రెండో వెర్షన్‌లో వాల్యూ-ఆఫ్ అన్నీ రాస్తుంది కానీ, మధ్యలో ఖాళీ పెట్టి ఒకే వరుసలో గుచ్చేస్తుంది. మీ ప్రాసెసర్, అంటే స్టైల్‌షీట్‌ని నడిపే ప్రోగ్రామ్, ఏ వెర్షనో అడుగు, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనేది అయితే ఒకటోదే.

తొందరలో నువ్వు అచ్చం మీ నాన్నవి. టెస్టుకి చిన్న ఫైల్ చాలనుకోకు, అన్నిటికంటే పొడుగాటి ఆర్డర్ వెతికి పెట్టు. కౌంట్‌తో మూలంలో ఐటమ్‌లెన్నో, బయటికి వచ్చిన వరుసలెన్నో చూసుకో. చిన్నప్పుడు మన మేడ మెట్లు లెక్కపెడుతూ ఒకటి తప్పితే, మళ్ళీ కిందికి దిగి మొదలెట్టేదానివి, ఎత్తుకుంటానన్నా ఒప్పుకునేదానివి కాదు. అలాగే చెయ్యి తల్లీ.

వేళకి అన్నం తిను. మొదటి రన్ కాగానే ఆ రెండు అంకెలూ నాకు పంపు.

మీ బాబాయి