సోలార్ సంగతి తర్వాత, ముందు ఆదివారం పూట మీటరు చూడండి

మీ ఊరి మునిసిపల్ ఆఫీసు కరెంటు బిల్లు తగ్గాలంటే డాబా మీద సోలార్ పెట్టించాలా, లైట్లన్నీ ఎల్‌ఈడీలు చేయిస్తే చాలా అని అడిగారు. రెండూ మంచివే. కానీ పద్దెనిమిదేళ్లు మునిసిపాలిటీల్లో గుమాస్తాగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, అసలు నష్టం ఆ రెండింటిలోనూ లేదు. ఆఫీసుకు తాళం వేశాక నడిచే కరెంటులో ఉంది.

ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి ఆడిట్ ఫైలు కోసం ఆఫీసుకు వెళ్లాను. వరండాలో మీటరు మీద ఎర్ర లైటు ఆగకుండా మిణుకుమంటోంది. మనిషి లేని ఆఫీసులో ఇంత వాడకం ఏమిటా అనిపించింది. మీటరు మీద 1600 ఇంప్ అని ఉంది. అంటే ఆ లైటు 1600 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. ఫోన్‌లో టైం చూసుకుంటూ లెక్కపెట్టాను. నిమిషానికి 40 మెరుపులు. గంటకు ఒకటిన్నర యూనిట్!

వాచ్‌మన్‌ను పిలిచి ఇద్దరం ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాం. వరండాలో ఏడు ట్యూబ్‌లైట్లు, పాత చోకులతో కలిపి ఒక్కోటి 50 వాట్ల పైనే. అవి ఆపితే మెరుపులు నిమిషానికి 31కి దిగాయి. వాటర్ కూలర్ ప్లగ్గు తీస్తే 19. ఇంకా ఏదో తిరుగుతూనే ఉంది. "సార్, మీటింగ్ హాల్లో చప్పుడు వినబడుతోంది" అన్నాడు వాచ్‌మన్. కిటికీ సందులోంచి చూస్తే లోపల ఎనిమిది ఫ్యాన్లూ ఫుల్ స్పీడులో తిరుగుతున్నాయి, ఖాళీ కుర్చీల మీద. శుక్రవారం సాయంత్రం కౌన్సిల్ మీటింగ్ అయినప్పటి నుంచీ అంతే. తాళంచెవి అటెండరు దగ్గర, అతనేమో పెళ్లికని ఊరెళ్లాడు. స్విచ్చులన్నీ తలుపుకి అవతల. చివరికి మెయిన్ బోర్డులో ఆ హాలు ఎంసీబీ, అంటే ఆ గదికి కరెంటు మొత్తం ఆపే స్విచ్చు, వెతికి దించాను. ఏ ఎంసీబీ ఏ గదిదో ఒక్కదాని మీదా రాసి లేదు, అది వెతకడానికే అరగంట పట్టింది. తర్వాత మెరుపులు నిమిషానికి మూడు.

ఇప్పుడు సోలార్ లెక్క చూడండి. ఆ వృథా ఒక్క రాత్రి పదిహేను గంటలు నడిస్తే 20 యూనిట్లు దాటుతుంది. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకి రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. అంటే ఐదు కిలోవాట్ల ప్యానెళ్లు, దాదాపు 500 చదరపు అడుగుల డాబా, ఖాళీ ఆఫీసులో ఫ్యాన్లు, లైట్లు, కూలర్ నడపడానికే సరి. ముందు దీన్ని ఆపండి, తర్వాత ఎన్ని కిలోవాట్లు కావాలో అడగండి.

నా బాధ ఇంకోటి ఉంది. బిల్లు వస్తుంది, అకౌంట్స్ సెక్షన్ కట్టేస్తుంది. యూనిట్లు ఎన్నో చూసేవారు ఉండరు. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్‌ఈడీలు చేశారు, అదంతా జనం కళ్లకు కనబడింది. ఆఫీసు లోపల ఏముందో ఎవరికి కనబడుతుంది? కిటికీలకు అడ్డంగా ఫైళ్ల బీరువాలు పెట్టి మిట్టమధ్యాహ్నం ట్యూబ్‌లైట్లు వేసుకుంటున్నాం. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని రూల్ వచ్చింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. అయినా రిమోట్ చేతికి రాగానే 18కి దించేవాళ్లనే ఎక్కువ చూశాను. ఫ్యాను కాలిపోయిన ప్రతిసారీ మళ్లీ 75 వాట్లదే కొంటారు. తక్కువ కరెంటు తినే మోటారుతో వచ్చే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ధర ఎక్కువంటారు, కానీ రోజుకు ఎనిమిది గంటలు తిరిగే చోట ఆ తేడా రెండు మూడేళ్లలో తిరిగొస్తుంది.

మా దగ్గర చేసింది చిన్న పని. ప్రతి ఎంసీబీ మీద గది పేరు రాసి కాగితం అంటించాం. రాత్రి తాళం వేసేటప్పుడు, పొద్దున తీసేటప్పుడు మీటరు రీడింగ్ రాయమని వాచ్‌మన్‌కు ఒక నోటుబుక్ ఇచ్చాం. వారం తిరక్కుండానే అతనే వచ్చి, "సార్, నిన్న రాత్రి ఎనిమిది యూనిట్లు ఎక్కువ పోయాయి, బోరు మోటారు ఎవరో ఆపలేదు" అని చెప్పాడు.

మీ ఆఫీసు మీటరు మీద ఎన్ని ఇంప్ అని ఉందో, సెలవు రోజున నిమిషానికి ఎన్నిసార్లు మెరుస్తోందో చూసి ఇక్కడ రాయండి. లెక్క నేను కట్టి చెబుతాను.