సంఘంలో యౌవనస్థులకు మెంటర్‌గా ఉండాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా సంఘ పెద్దగా తీసుకున్నారు, పాస్టరుగారు యౌవనస్థుల్ని మీకు అప్పగించారు, వాళ్లకి మెంటర్‌గా ఉండడం ఎలాగో తెలియడం లేదు, బైబిల్ కాలేజీలో ఏదైనా కోర్సు చేయాలా అని.

నేను విశాఖపట్నంలో, గాజువాక వైపు ఒక చిన్న సంఘంలో 19 ఏళ్లుగా పెద్దగా ఉన్నాను. పాస్టరుని కాను. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసుకుంటూ మిగిలిన టైములో చేసిన పరిచర్యే నాది. కోర్సు చేస్తే మంచిదే, వాక్యం మీద పట్టు వస్తుంది. కానీ మీరు అడుగుతున్న పని అక్కడ రాదు. నాకైతే కేజీహెచ్ వార్డులో వచ్చింది, అంటే ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో.

కంచరపాలెంలో ఉన్న రోజుల్లో మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యారు. అందరం తాతగారూ అనేవాళ్లం. చదువు ఐదో తరగతి. ఒక శనివారం "కేజీహెచ్‌కి వెళ్తన్నాను, వస్తావేటి?" అన్నారు. వెళ్లాను. మా సంఘస్థుడొకాయన జనరల్ వార్డులో ఉన్నాడు, మంచం పక్కన నేల మీద ఆయన భార్య. నేను బ్యాగులోంచి బైబిల్ తీసి ఏ కీర్తన చదవాలా అని వెతుకుతున్నాను. తాతగారు ఆవిణ్ణి "అన్నం తిన్నావా అమ్మా?" అన్నారు. అంతే, ఆవిడ బావురుమంది. నా చేతిలో ఫ్లాస్కు పెట్టి టీ, ఇడ్లీ తెమ్మని పంపారు. తిరిగొచ్చేసరికి ఆయన కూడా నేల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ తిన్నాక ప్రార్థన చేశారు, నిమిషం కూడా పట్టలేదు.

జగదాంబ దగ్గర బస్సు కోసం నిలబడ్డప్పుడు "ఏటి చూసావు?" అని అడిగారు. "ప్రార్థన మరీ చిన్నది చేసేశారు తాతగారూ" అన్నాను. నవ్వారు. "పక్క మంచం ఆయనకి అప్పుడే నిద్దర పట్టింది, చూళ్ళేదేటి?" అన్నారు.

నేను చూడలేదు. ఆ తర్వాత రెండేళ్లు, షిఫ్టు కుదిరినప్పుడల్లా ఆయన వెనకే తిరిగాను. చావు ఇళ్లకి, పెళ్లి మాటలకి, తాగి గొడవపడ్డ అన్నదమ్ముల దగ్గరికి. ప్రతిసారీ తిరుగు దారిలో అదే ప్రశ్న. ఆయన నాకు చేసిన బోధ అంతా కలిపితే ఒక ఆదివారం ప్రసంగమంత కూడా ఉండదు.

ఇంత చూసి కూడా, నా వంతు వచ్చేసరికి తప్పు చేశాను. మా యూత్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు. కీబోర్డు వాయిస్తాడు, వాక్యం చెబితే జనం కదలకుండా వింటారు. నేనే వెనకేసుకుని తిప్పాను, లోపల్లోపల నా శిష్యుడని గర్వం కూడా ఉండేది. ఒక ఆదివారం వాడు ఒక వచనానికి తప్పు అర్థం చెప్పాడు. ప్రకటనలు చెప్పడానికి లేచిన నేను, ప్రకటనలు వదిలేసి అందరి ముందూ వాడి మాట సరిదిద్దాను. వాళ్లమ్మ ముందు వరుసలో కూర్చుని ఉంది. మరుసటి ఆదివారం కీబోర్డు మీద గుడ్డ కప్పే ఉంది.

అపొల్లో సంగతి అపొస్తలుల కార్యముల 18వ అధ్యాయంలో నేను ఎన్నిసార్లు చదివి ఉంటానో. గొప్ప వక్త, కానీ అతనికి తెలిసింది సగమే. అకుల, ప్రిస్కిల్ల సమాజమందిరంలో లేచి తప్పు పట్టలేదు, విడిగా చేర్చుకుని పూర్తిగా వివరించారు. నాకది ఎనిమిది నెలల తర్వాత తట్టింది. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. టీ ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడాడు. మా సంఘానికి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు మధురవాడ వైపు ఇంకో సంఘంలో సండే స్కూల్ నడుపుతున్నాడు, బాగా నడుపుతున్నాడని విన్నాను. మొదట్లో కడుపు మండింది, దాచుకోవడం ఎందుకు.

పాత టౌన్ వైపు వెళ్లినప్పుడు ఒక విషయం గుర్తొస్తుంది. 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు మన వైజాగ్‌కే వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే దేశీయ విశ్వాసి పక్కన కూర్చుని సాయం చేశాడు, అంటే బోధించడానికి వచ్చినవాళ్లే నేర్చుకునే చోట కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. ఆ సువార్తలు సెరంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరూ పుస్తకం చేత్తో పట్టుకోలేదు. నా శిష్యుడు నా మందిరంలోనే కూర్చోవాలని పట్టుబట్టిన నాకు ఇది గుర్తొస్తే కొంచెం సిగ్గేస్తుంది.

ఎంతమందిని తీసుకోవాలి అంటారా? నేను ఒకసారి 14 మందితో వాట్సాప్ గ్రూపు పెట్టాను. రోజూ ఒక వచనం, కింద 14 ఆమెన్‌లు, దండం బొమ్మలు. ఆరు నెలల్లో ఒక్కడి ఇంట్లో ఏం జరుగుతోందో కూడా నాకు తెలియలేదు. ఇప్పుడు ఇద్దరు, మహా అయితే ముగ్గురు. మోషేకి వాళ్ల మామ యిత్రో చెప్పింది కూడా అదే కదా, అందరి తగువులూ నువ్వే తీరిస్తే నలిగిపోతావు, పదిమందికొకణ్ణి పెట్టుకో అని.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. పిల్లలు "అంకుల్, హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లనా? దేవుని చిత్తం ఏంటో చెప్పండి" అని అడుగుతారు. చెప్పేయాలని నోరు దురద పెడుతుంది. చెప్పకండి. ఒకసారి చెబితే రేపు పెళ్లి సంబంధానికీ, ఎల్లుండి స్థలం కొనడానికీ మీ దగ్గరికే వస్తారు, దేవుని దగ్గరికి పోరు. రెండోది, మీకు చెప్పుకున్న మాట ప్రార్థన అంశం కాకూడదు. "ఫలానా బ్రదర్ కోసం కొంచెం భారంగా ప్రార్థించండి" అని బుధవారం కూటంలో అన్నారంటే, గురువారానికి వీధంతా తెలిసిపోతుంది. అయితే ప్రాణం మీదికొచ్చే మాట దాచకండి, ఇంట్లో వాళ్లకి చెప్పాలి. చిన్నపిల్లల మీద లైంగిక వేధింపని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది మన ఇష్టాయిష్టాల విషయం కాదు. అమ్మాయిల్ని పాస్టరమ్మగారికో పెద్ద సిస్టర్స్‌కో అప్పగించండి. డబ్బు అప్పివ్వకండి. నేను 5,000 ఇచ్చాను, కుర్రాడు నన్ను చూస్తే సందు మారేవాడు.

అన్నిటికన్నా నాకు కష్టమైంది చేతులు కట్టుకుని కూర్చోవడం. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం, నేను ప్లాంట్‌లో ఇరుక్కుపోయాను. రోడ్ల నిండా చెట్లు, ఫోన్లు లేవు, మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఇంటికి చేరలేదు. మందిరం రేకులు సగం ఎగిరిపోయాయి. మా యూత్ పిల్లలు మిగిలిన రేకులు కూడా విప్పి, వెనక వీధిలో బాలింత ఉన్న ఇంటికి కప్పుతున్నారు. ఆ ఇల్లు మా సంఘస్థులది కూడా కాదు. ఎవరినడిగి చేశారు అనబోయాను. డిగ్రీ చదివే అమ్మాయి, నిచ్చెన పట్టుకుని, వెనక్కి కూడా తిరక్కుండా "మందిరం సంగతి తర్వాత చూద్దాం అంకుల్, ఆ మేకులు ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చాను. కమిటీలో రేకుల లెక్క అడిగినవాళ్లకి తర్వాత నేనే జవాబు చెప్పుకున్నాను.

మీ సంఘంలో చదువుకునే పిల్లలు ఎక్కువా, డ్యూటీలకి వెళ్లేవాళ్లు ఎక్కువా అన్నది మీరు రాయలేదు. డ్యూటీల వాళ్లయితే యూత్ మీటింగ్ ఎప్పుడూ సాయంత్రమే పెట్టకండి. బి షిఫ్ట్ వాడు రాత్రి పదింటికి గానీ వదలడు, మీరేమో వాడికి ఆసక్తి లేదనుకుంటారు.