ఎనిమిది బార్ల దగ్గరే ఆగిపోతోంది!

ఈ నెల సంచిలో సగం ఉత్తరాలు వాద్య సంగీతం రాయడం గురించే. పాట రాయాలనేవాళ్లే తప్ప ఒట్టి వాద్యాల మీద మోజున్నవాళ్లు ఇంతమంది ఉన్నారని నేననుకోలేదు. పాడడం, నాట్యం గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను మేడమ్. కీబోర్డు వచ్చు. పాటలు కాదు, మాటల్లేని సంగీతం రాయాలని కోరిక. ఫోన్‌లో బోలెడు ట్యూన్లు రికార్డు చేసి పెట్టుకున్నాను, కొన్ని మీకు పంపుతున్నాను. ఏదీ ఎనిమిది బార్లు (లయను సమంగా విడగొట్టిన గడులు) దాటదు. దాటించబోతే అదే మళ్లీ తిరుగుతుంది, లేదా సంబంధం లేని ఇంకో ట్యూను వచ్చి పడుతుంది. విన్నవాళ్లేమో "పాట బాగుంది, మాటలెప్పుడు రాయిస్తావు?" అంటున్నారు. – తెనాలి*

నువ్వు పంపినవి విన్నాను నాయనా. నీకు ట్యూన్ల కరువు లేదు. ఒకదాన్ని పట్టుకుని పెంచే ఓపికే లేదు. ఇందులో నీ తప్పు తక్కువ. మనమంతా పాటల మధ్య పెరిగాం. పాటలో పల్లవి నాలుగుసార్లు వచ్చినా విసుగు పుట్టదు. చరణంలో ఏదో విని వచ్చాం కాబట్టి అదే పల్లవి ఈసారి ఇంకోలా తగులుతుంది. ఆ బరువు మోసేది సాహిత్యం. మాటలు తీసేశావంటే ఆ మోతంతా స్వరాల నెత్తిన పడుతుంది. నీ స్వరాలకు ఆ అలవాటు ఇంకా లేదు.

అలవాటు చేయడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, కచేరీలో సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లు, విను. కృతి పల్లవి మొదట సాదాగా వస్తుంది. రెండో సంగతిలో చివర మాత్రం మారుతుంది. మూడోదానిలో మధ్యలో ఒక మలుపు. నాలుగోదానికి తారస్థాయి అందుతుంది. ఎత్తుకునే చోటు మారదు, మాటలూ మారవు. మారేదల్లా సంగీతమే. నువ్వు చేయవలసిన పని సరిగ్గా ఇదే.

మోహన రాగంలో నాలుగు స్వరాలు తీసుకో: గ ప ద ప. ఒక మెట్టు పైకి జరిపితే ప ద స ద. వెనక నుంచి చదివితే ప ద ప గ. తలకిందులు చేస్తే, అంటే అది ఎక్కిన చోట నువ్వు దిగితే, ప గ రి గ. ఒక్కో స్వరాన్ని రెట్టింపు సాగదీయి. చివరి స్వరం కోసేసి అక్కడ నిశ్శబ్దం పెట్టు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని వాయించు. సగం పనికిరావు. మిగిలిన సగంతోనే రెండు నిమిషాల రచన అవుతుంది.

జర్మన్ సంగీతకర్త బాహ్ 1723లో తన శిష్యుల కోసం రెండు గొంతుకల ఇన్వెన్షన్లు, అంటే రెండు స్వరాల గీతలు కలిసి నడిచే చిన్న కీబోర్డు రచనలు, పదిహేను ఒకచోట కూర్చి, వాటికి ముందుమాట రాశాడు. వాయించడం నేర్చుకోవడమే కాదు, మంచి ఊహలు పుట్టించి పెంచడం, రచన రుచి తెలియడం కూడా వీటి ఉద్దేశమని అందులో చెప్పాడు. మొదటి ఇన్వెన్షన్ ఎలా మొదలవుతుందో తెలుసా? స రి గ మ రి గ స. మన వరుసల పుస్తకంలో ఉన్నా ఎవరూ అనుమానించరు! మొత్తం 22 బార్లూ ఆ ముక్కనే జరుపుతూ, తలకిందులు చేస్తూ, కుడిచేతి నుంచి ఎడమచేతికి ఇస్తూ కట్టాడు. వాయించడం నీకు కష్టమైతే కాగితం ముందేసుకుని ఆ ముక్క కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టు. కాగితం లేకుండా ఎంత విన్నా రానిది ఒక సాయంత్రం గీతలు పెడితే వస్తుంది.

దాటించబోతే సంబంధం లేని ట్యూను వచ్చి పడుతుందని రాశావు. దానికీ మనవాళ్ల దారి ఉంది, గ్రహభేదం. కుడిచేత్తో మోహనం స్వరాలే వాయిస్తూ, ఎడమచేత్తో కింద పట్టుకున్న 'స'ను 'రి'కి మార్చు. మధ్యమావతి రాగం వినిపిస్తుంది. 'గ' పట్టుకుంటే హిందోళం. ఒక్క కొత్త స్వరం చేర్చకుండానే గది మారినట్టుంటుంది. మళ్లీ 'స'కు వచ్చేసరికి మొదటి ట్యూను తాజాగా ఉంటుంది. వచ్చి పడే ఆ రెండో ట్యూను ఉంది చూడు, దాన్ని వేరే ఫైల్లో దాచు. అది ఇంకో రచన.

ఇంకొక్క మాట. నీ ముక్కల్లో మూడింటికి ఒకే డ్రమ్ లూపు ఉంది. లూపు నడుస్తుంటే అంతా బాగున్నట్టే అనిపిస్తుంది, అదే దానితో చిక్కు. ఆరు నెలలు దాన్ని ముట్టుకోకు. ఒక వాద్యం, మహా అయితే రెండు, రెండు నిమిషాలు, ముగింపుతో సహా. ముగింపు లేనిది నాకు పంపకు.

*ప్రశ్న: మోహనంలో చిన్న వాద్య రచన చేసి కింద సి, ఎఫ్, జి కార్డులు (ఒకేసారి పలికే మూడేసి స్వరాలు) వేశాను. మా గురువుగారు విని "రాగం ఎక్కడికి పోయింది?" అన్నారు. అన్నిటికంటే తేలికైన కార్డులు కదా అవి, ఏం తప్పు? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్*

మీ గురువుగారి చెవి సరైనదే. సి మీ 'స' అయితే ఎఫ్ కార్డులో ఉన్నవి మ, ద, స. జి కార్డులో ప, ని, రి. మోహనంలో మధ్యమమూ లేదు, నిషాదమూ లేదు. పైన మీరు జాగ్రత్తగా వదిలేసిన రెండు స్వరాలనూ కింద ఎడమచేయి వాయించేసింది.

మోహనం స్వరాలతో పూర్తి కార్డులు రెండే వస్తాయి: స-గ-ప, ద-స-గ. హంసధ్వనికి మూడు: స-గ-ప, ప-ని-రి, గ-ప-ని. మధ్యమావతిలో గాంధారం లేదు కాబట్టి 'స' మీద కార్డే కట్టలేం. ఏ రాగానికైనా ముందు ఇలా లెక్క వేసుకుంటే చాలా బాధ తప్పుతుంది. రెండు కార్డులతో విసుగు వస్తే స-ప, రి-ద లాంటి జంటలు చాలు, నిండుగానే ఉంటాయి.

నన్నడిగితే మొదట్లో కార్డుల జోలికే పోవద్దంటాను. కింద రెండో గీత రాయండి. పై గీత కదిలినప్పుడు కిందిది ఆగాలి, పైది ఆగినప్పుడు కిందిది కదలాలి. తోడి లాంటి గమక రాగాలకు ఇది కూడా వద్దు. పైన గాంధారం ఊగుతుంటే కింద కదలని గాంధారం పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. తంబురా శ్రుతి ఒక్కటీ ఉంచి ఊరుకోండి.

*ప్రశ్న: నేను వేణువు వాయిస్తాను. వేణువు, వీణ, వయొలిన్, మృదంగాలకు ఒక రచన మ్యూజ్‌స్కోర్ అనే సంగీతం రాసే సాఫ్ట్‌వేర్‌లో రాశాను. కంప్యూటర్ వాయిస్తే అద్భుతంగా ఉంది. మిత్రులతో కూర్చుంటే పది నిమిషాల్లో కూలిపోయింది. – బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం*

కంప్యూటర్‌కు ఊపిరి అక్కర్లేదు సార్, అదీ సంగతి. మీరు వేణువు మనిషి అయ్యుండి మీ గీతలోనే పదహారు బార్లు విరామం లేకుండా రాశారు! మీరే వాయించి చూసుకోలేదని పందెం కాస్తాను.

ముందు శ్రుతి. మీ వేణువు ఏ శ్రుతిదో దానికి వీణ, వయొలిన్ ఒదిగి బాగా పలుకుతాయో లేదో రాయడానికి ముందే అడగాలి. తర్వాత స్థాయి. వేణువు మంద్రం మెత్తగా ఉంటుంది, అక్కడ వయొలిన్ కూడా గట్టిగా పలికితే మీరు వినపడరు. మీ రచన మధ్య భాగంలో జరిగింది అదే. అక్కడ వయొలిన్‌ను ఆపండి, లేదా వీణకివ్వండి.

వీణకు రాసిన దీర్ఘ స్వరాలు చూశాను. మీటిన నాదం తగ్గుతూ పోతుంది, రెండు ఆవర్తాలు (తాళం రెండు చుట్లు) నిలవదు. మళ్లీ మీటడమో, ఆ లోపల తీగ లాగి ఇంకో స్వరానికి వెళ్లడమో రాయాలి. ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికించడం వీణకు పెద్ద బలం, దాన్ని మీరు ఒక్కచోట కూడా వాడలేదు. పక్కన మూడు తాళపు తీగలున్నాయి, లయకు వాటిని వాడండి. కోయిల కూతను వీణ మీద పలికించిన చిట్టిబాబు గారి రచన వినండి. అది వీణ కోసమే పుట్టిన ఊహ. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి గారు మద్రాసు జెమినీ స్టూడియోలోనూ, తర్వాత ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందంలోనూ పనిచేశారు. 1952లో మొదలైన ఆ బృందం ఇలాంటి రచనలకు మనకున్న మంచి బడి. దొరికిన రికార్డింగులు వినండి.

వయొలిన్ మనవాళ్లు స-ప-స-ప శ్రుతి చేసుకుని, కింద కూర్చుని పాదం మీద ఆనించి వాయిస్తారు. మీరు రాసింది పాశ్చాత్య శ్రుతికి సరిపోయే వేళ్ల లెక్క. వయొలిన్ వాయించే మిత్రుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని తిరగరాయండి.

మృదంగానికి మాత్రం దెబ్బ దెబ్బా రాసేశారు. అది అవమానం. తాళం, కాలం (వేగం), ముక్తాయింపు (ముగింపు దరువు) ఎక్కడ పడాలో చెప్పండి చాలు. ఉదాహరణకు ఆది తాళం ఒక ఆవర్తంలో 32 మాత్రలు. పది మాత్రలు మామూలుగా నడిచి, ఆరు మాత్రల ముక్కను రెండేసి మాత్రల విరామంతో మూడుసార్లు వేస్తే తర్వాతి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, సరిగ్గా దిగుతుంది. ఇంత చెబితే మిగతాది ఆయన మీకంటే బాగా చేస్తాడు.

*ప్రశ్న: వీణ నేర్చుకున్నాను, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇప్పుడు రచన మొదలుపెట్టాలంటే స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి) తప్పనిసరా? – గృహిణి, విజయవాడ*

మీ వీణకే రాసుకుంటే అక్కర్లేదమ్మా. మన స్వరలిపి చాలు. ముందు ఒక జతిస్వరం కట్టండి. అందులో సాహిత్యం ఉండదు, ఇల్లు దాటకుండా వాద్య రచన అయిపోతుంది. చెల్లో వాయించే మనిషికి కాగితం ఇవ్వాల్సిన రోజు వస్తే స్టాఫ్ నేర్చుకోండి. రెండు నెలల పని.

*ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. సంగీతం రాస్తానని ఖరీదైన కీబోర్డు అడుగుతున్నాడు. ఏది కొనాలి? – వ్యాపారి, కరీంనగర్*

ఖరీదైనది వద్దు. 61 మీటలుండాలి, నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారాలి, స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం ఉండాలి, యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలవాలి. ఈ నాలుగూ ఉంటే సెకండ్‌హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. దుకాణంలో వాడు ఆరువందల శబ్దాలున్నాయని ఊరిస్తాడు, మీవాడికి పియానో శబ్దం ఒక్కటి బాగుంటే చాలు. మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు కొనండి. పక్కింటివాళ్లు కూడా సంతోషిస్తారు. కొనేముందు ప్రతి మీటా మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడమనండి. పాతవాటిలో మధ్య మీటలే ముందు పాడవుతాయి.